నెత్తుట్లో నానోగ్రాముల జాడ

వెలువడిన క్షణాన వీర్యం పలచగా ఉండదు. జిగురుగా, ముద్దలా గడ్డకట్టి ఉంటుంది. పావుగంటలోనో అరగంటలోనో ఆ ముద్ద కరిగి నీరవుతుంది. అందులో చిక్కుకున్న శుక్రకణాలు అప్పటికి గానీ ఈదలేవు. ముద్ద కట్టించేది సెమెనోజెలిన్ అనే ప్రోటీను. అది వీర్యకోశాల నుంచి వస్తుంది. దాన్ని తుంచి ముక్కలు చేసే ఎంజైమ్‌ను తయారుచేసేది మాత్రం మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే ప్రోస్టేట్ గ్రంథి. ఈ ఎంజైమ్‌లో 237 అమైనో ఆమ్లాలున్నాయి, దీని జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంది. యాభై దాటిన మగవాళ్లు హెల్త్ చెకప్ రిపోర్టులో చూసి కంగారుపడే పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్, ఇదే.

దీని పనంతా వీర్యంలోనే. రక్తంలో దీనికి పనేమీ లేదు. వీర్యంలో మిల్లీలీటరుకి మిల్లీగ్రాముల్లో ఉండే ఈ పదార్థం ఆరోగ్యవంతుడి రక్తంలో మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో మాత్రమే ఉంటుంది. తేడా దాదాపు పది లక్షల రెట్లు. గ్రంథి లోపలి సన్నని గొట్టాల్లోకి స్రవించాల్సిన ఎంజైమ్ పక్కనున్న రక్తనాళాల్లోకి పోకుండా మధ్యలో రెండు వరసల కణాలు, వాటి కింద ఒక పల్చటి పొర అడ్డుగా ఉంటాయి. ఆ అడ్డు దాటి వచ్చిన ఆ కాస్తనే ల్యాబ్ కొలుస్తుంది. గట్టుకు గండి పడితే కాలువ నీళ్లు చేలోకి వచ్చినట్టు, అడ్డు ఎక్కడ దెబ్బతిన్నా పీఎస్‌ఏ రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. క్యాన్సర్ ఆ అడ్డును చెరుపుతుంది. ఇన్ఫెక్షనూ చెరుపుతుంది. మూత్రం బిగుసుకుపోయి కెథెటర్ వేసినా అదే జరుగుతుంది. ఇక వయసుతోపాటు పెరిగే మామూలు వాపులో అడ్డు పెద్దగా చెడకపోయినా, గ్రంథి మొత్తమే పెద్దదవుతుంది కాబట్టి ఊరేది కూడా పెరుగుతుంది.

చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా ఇక్కడ ఒక విషయం ఉంది. క్యాన్సర్ కణం మామూలు ప్రోస్టేట్ కణం కంటే ఎక్కువ పీఎస్‌ఏ తయారుచేయదు. లెక్కకు చూస్తే తక్కువే చేస్తుంది. కణాల అమరిక చెదిరిపోవడం వల్ల, చేసిందాంట్లో ఎక్కువ భాగం రక్తంలోకి పోతుందంతే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో థామస్ స్టేమీ బృందం 1987లో ఆపరేషన్ చేసి తీసిన గ్రంథులను తూచి లెక్క కట్టింది. వాపు కణజాలం గ్రాముకి రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 0.3 నానోగ్రాములు పెంచితే, క్యాన్సర్ కణజాలం ఒక ఘన సెంటీమీటరుకి 3.5 పెంచుతోంది. అంటే పదింతలకు పైనే. పరీక్షకున్న బలం ఈ పదింతల్లో ఉంది. బలహీనత కూడా పక్కనే ఉంది: గ్రంథి తగినంత పెద్దదైతే క్యాన్సర్ ఊసే లేకుండా, వాపు ఒక్కటే అంకెను ఆరుకో ఎనిమిదికో చేర్చగలదు.

పీఎస్‌ఏ కంటే ముందు డాక్టర్ల చేతిలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైమ్ ఉండేది. 1938లో న్యూయార్క్‌లో గట్‌మన్ దంపతులు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిన రోగుల రక్తంలో అది పెరుగుతుందని చూపించారు. షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ దాన్నే కొలబద్దగా వాడుకుని, వృషణాలు తొలగిస్తే ఈ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1941లో నిరూపించారు. పురుష హార్మోను మీద ఆధారపడి పెరిగే క్యాన్సర్ ఇదని తేల్చినందుకు 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆసిడ్ ఫాస్ఫటేజ్ పెరిగేసరికి జబ్బు ఎముక దాకా వెళ్లిపోయి ఉండేది. జబ్బు ముదిరిన సంగతి చెప్పడానికే తప్ప, ముందుగా కనిపెట్టడానికి అది పనికిరాలేదు.

పీఎస్‌ఏను ఫలానావారు కనుక్కున్నారని ఒక్క పేరు చెప్పడం కష్టం. జపాన్‌లో హారా బృందం వీర్యంలో ఒక ప్రత్యేకమైన ప్రోటీనును గుర్తించింది. వాళ్లు వెతికింది జబ్బు కోసం కాదు, అత్యాచార కేసుల్లో బట్టల మీది మరక వీర్యమేనా అని తేల్చడం కోసం. 1970లో అమెరికాలో రిచర్డ్ ఆబ్లిన్ ప్రోస్టేట్‌కే పరిమితమైన యాంటిజెన్లు ఉన్నాయని రాశారు. 1978లో కాలిఫోర్నియాలో జార్జ్ సెన్సబా మళ్లీ నేరపరిశోధన కోసమే పీ30 అనే ప్రోటీనును వేరుచేశారు. న్యూయార్క్ రాష్ట్రం బఫెలో నగరంలోని రోజ్‌వెల్ పార్క్ సంస్థలో వాంగ్, చు బృందం 1979లో ప్రోస్టేట్ కణజాలం నుంచి పీఎస్‌ఏను శుద్ధి చేసింది. మరుసటి ఏడాది అక్కడివాళ్లే దాన్ని రోగుల రక్తంలో పట్టుకున్నారు. వీటిలో చాలావరకు ఒకే పదార్థానికి పెట్టిన వేరువేరు పేర్లని తర్వాత తేలింది. వేసెక్టమీ చేయించుకున్నవాడి వీర్యంలో శుక్రకణాలు ఉండవు, పీఎస్‌ఏ మాత్రం ఉంటుంది. అందుకే ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఈ పరీక్ష ఇప్పటికీ నడుస్తోంది.

1986లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పీఎస్‌ఏ పరీక్షకు అనుమతి ఇచ్చింది, అయితే క్యాన్సర్ ఉందని అప్పటికే తేలినవారి చికిత్స ఎలా సాగుతోందో చూసుకోవడానికి మాత్రమే. ఆ పనికి ఇంతకంటే మంచి రక్తపరీక్ష వైద్యంలో అరుదు. రక్తంలో పీఎస్‌ఏ రెండు మూడు రోజులకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. ప్రోస్టేట్‌ను మొత్తంగా తీసేస్తే కొన్ని వారాల్లో రక్తంలో దాని జాడే ఉండకూడదు. ఆ తర్వాత ఎప్పుడైనా 0.2 దాటి, మరోసారి చేయించినా అలాగే వస్తే, ఎక్కడో కొన్ని కణాలు మిగిలి మళ్లీ పెరుగుతున్నాయని అర్థం. స్కానుల్లో ఏమీ కనబడని దశలో, ఒక్కోసారి సంవత్సరాల ముందే, ఈ కబురు అందుతుంది. గ్రంథే లేని మనిషిలో ఆ అంకెకి రెండో అర్థం ఉండదు. గ్రంథి ఉన్న మనిషిలో దానికి నాలుగైదు అర్థాలు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ చిక్కులోకి అందరూ దిగింది 1991లో. సెయింట్ లూయిస్ నగరంలో విలియం కాటలోనా యాభై ఏళ్లు దాటిన 1,653 మంది మామూలు మగవాళ్లకు పీఎస్‌ఏ చేశారు. 4.0 నుంచి 9.9 మధ్య వచ్చి బయాప్సీ చేయించుకున్నవారిలో నూటికి 22 మందికి క్యాన్సర్ ఉంది. 10, అంతకు మించి వచ్చినవారిలో నూటికి 67 మందికి ఉంది. 1994లో, వేలితో గ్రంథిని తడిమి చూసే పరీక్షతో కలిపి, క్యాన్సర్‌ను కనిపెట్టడానికి కూడా పీఎస్‌ఏను వాడవచ్చని ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అప్పటి నుంచి 4.0 అనే అంకె రిపోర్టు కాగితాల మీద స్థిరపడిపోయింది.

ఆ గీతకు శరీరంలో ఎలాంటి ఆధారమూ లేదు. ఆరోగ్యంగా కనిపించే మగవాళ్లలో అత్యధికుల విలువ దానికి లోపే ఉంటుందని గీసిన గీత అది. 2004లో ఇయాన్ థాంప్సన్ బృందం మామూలుగా ఎవరూ చేయని పని చేసింది. ఏడేళ్ల పాటు పీఎస్‌ఏ 4 లోపే ఉన్న 2,950 మందికి, అనుమానం ఏమీ లేకపోయినా, బయాప్సీ చేసింది. నూటికి 15 మందిలో క్యాన్సర్ దొరికింది. 3.1 నుంచి 4.0 మధ్య ఉన్నవారిలో నూటికి దాదాపు 27 మందిలో, 0.5 లోపు ఉన్నవారిలో సైతం నూటికి ఆరేడుగురిలో కనబడింది. దొరికిన వాటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా ఉండే రకమే. అయినా ఆ ఫలితంతో 4 అనే గీత చెదిరిపోయింది. ఇటు ఉంటే క్షేమం, అటు ఉంటే ప్రమాదం అని చెప్పే అంకె పీఎస్‌ఏలో లేనే లేదు. అంకె పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతూ పోతుంది.

ఇంత చిన్న మోతాదును ల్యాబ్ ఎలా పట్టుకుంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. చేతి నుంచి తీసిన రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన పసుపురంగు సీరం తీసుకుంటారు. కంటికి కనబడనంత చిన్న అయస్కాంత పూసలకు అతికించిన యాంటీబాడీలను అందులో కలుపుతారు. అవి పీఎస్‌ఏను ఒక కొసన పట్టుకుంటాయి. తర్వాత రెండో యాంటీబాడీని వదులుతారు. అది అదే పీఎస్‌ఏను మరో కొసన పట్టుకుంటుంది. దీని తోకకు వెలుగునిచ్చే రసాయనం తగిలించి ఉంటుంది. యంత్రం అయస్కాంతంతో పూసలను గోడకు లాగిపట్టి, మిగతాదంతా కడిగేస్తుంది. రెండు యాంటీబాడీల మధ్య చిక్కిన పీఎస్‌ఏ మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు రసాయనాన్ని రగిలిస్తే ఎంత వెలుగు వచ్చిందో, అంత పీఎస్‌ఏ ఉన్నట్టు. ఒక్కో కంపెనీ యాంటీబాడీలు ఒక్కో రకం. కొలబద్దగా తీసుకునే ప్రమాణాలు కూడా రెండున్నాయి, వాటి మధ్యే దాదాపు ఐదో వంతు తేడా వస్తుంది. పోయినేడు ఒక ల్యాబులో 3.6 వచ్చి, ఈ ఏడు ఇంకో ల్యాబులో 4.3 వస్తే గ్రంథిలో ఏదో జరిగిందని చెప్పలేం. ఒకే మనిషిలో, ఒకే ల్యాబులో కూడా అంకె కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. అందుకే పరీక్షను ఏళ్ల తరబడి ఒకే చోట చేయించుకోవడం మంచిది.

పరీక్షకు వెళ్లేముందు ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మూత్రంలో మంట, జ్వరం ఉన్నాయా? ఉంటే ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి, తర్వాత కొన్ని వారాలు ఆగాలి. గత రెండు రోజుల్లో వీర్యస్ఖలనం అయిందా? ఈ మధ్య కెథెటర్ వేశారా, బయాప్సీ జరిగిందా? ఇవన్నీ అంకెను పెంచేవి. తగ్గించేది ఒకటుంది, అది మరీ మోసకారి. ప్రోస్టేట్ వాపుకి ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరునెలలు, ఏడాది వాడేసరికి పీఎస్‌ఏను సగానికి దించుతాయి. మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే మరో మందుతో కలిపి ఒకే మాత్రగా కూడా ఇవి వస్తాయి కాబట్టి, తాను ఏం వాడుతున్నాడో రోగికే తెలియకపోవచ్చు. అలాంటి మనిషికి 3.5 వస్తే ఏడు కింద లెక్క. ల్యాబ్ కాగితం మాత్రం దాన్ని నార్మల్ అనే చూపిస్తుంది.

పెరిగిన అంకె చూసిన వెంటనే బయాప్సీకి పరుగెత్తాల్సిన పని లేదు. కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. అమెరికాలో 972 మంది నుంచి ఏటేటా తీసి దాచిన రక్తాన్ని పరీక్షించిన ఒక అధ్యయనంలో, ఒకసారి 4 దాటినవారిలో నూటికి 44 మందికి తర్వాతి ఏళ్లలో అంకె దానంతట అదే కిందికి వచ్చింది.

మళ్లీ చేసినా ఎక్కువే వస్తే, అప్పుడు ఆ అంకెను మిగతా వివరాల పక్కన పెట్టి చదవాలి. రక్తంలో పీఎస్‌ఏ రెండు రూపాల్లో తిరుగుతుంది. ఎక్కువ భాగం మరో ప్రోటీనుకు అతుక్కుని ఉంటుంది, కొంత విడిగా ఉంటుంది. క్యాన్సర్ ఉన్నవారిలో విడిగా ఉండే భాగం తక్కువ. మొత్తం 4 నుంచి 10 మధ్య ఉండి, విడి పీఎస్‌ఏ నూటికి పది కంటే తక్కువైతే అనుమానం బలపడుతుంది, పాతిక దాటితే బాగా సన్నగిల్లుతుంది. ఇంకో లెక్క ఏ ఖర్చూ లేనిది. చెకప్ ఫైలులో పీఎస్‌ఏ కాగితం తర్వాత రెండు మూడు కాగితాలు తిప్పితే పొట్ట అల్ట్రాసౌండ్ రిపోర్టు ఉంటుంది. అందులో ప్రోస్టేట్ పరిమాణం సీసీల్లో రాసి ఉంటుంది. పీఎస్‌ఏను ఆ అంకెతో భాగించండి. పీఎస్‌ఏ 6, గ్రంథి 60 సీసీ అయితే 0.1 వస్తుంది. అదే 6, గ్రంథి 25 సీసీ అయితే 0.24. సాధారణంగా 0.15 దాటితే జాగ్రత్తపడతారు. రెండు రిపోర్టుల్లోనూ ముదురు అక్షరాల్లో అచ్చయ్యేది ఒకే 6. మొదటిదాంట్లో వాపు ఒక్కటే దాన్ని చాలావరకు వివరించగలదు. రెండోదాన్ని వదిలేయకూడదు.

గత పదేళ్లలో అన్నిటికంటే పెద్ద మార్పు ఎంఆర్‌ఐతో వచ్చింది. పూర్వం అంకె పెరిగితే సూదితో గుడ్డిగా పది పన్నెండు చోట్ల ముక్కలు తీసేవారు. ఇప్పుడు ముందు స్కాన్ తీసి, అనుమానం ఉన్న చోటునే గుచ్చుతారు, అనుమానం లేకపోతే చాలామందిలో ఆగిపోతారు. 2018లో 500 మందితో జరిగిన ప్రెసిషన్ అధ్యయనంలో ఎంఆర్‌ఐ దారిలో వెళ్లినవారిలో నూటికి 28 మందికి సూదే పడలేదు. అయినా చికిత్స అవసరమైన క్యాన్సర్లు పాత పద్ధతిలో నూటికి 26 మందిలో దొరికితే, కొత్త పద్ధతిలో 38 మందిలో దొరికాయి. పట్టించుకోనక్కరలేని చిన్న క్యాన్సర్లు మాత్రం 22 నుంచి తొమ్మిదికి పడిపోయాయి.

పట్టించుకోనక్కరలేని క్యాన్సర్ అనే మాట వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ప్రోస్టేట్ విషయంలో అది నిజం. వేరే కారణంతో చనిపోయిన ముసలివాళ్ల శవపరీక్షల్లో, బతికుండగా ఎన్నడూ బాధించని ప్రోస్టేట్ క్యాన్సర్లు చాలా కనబడతాయి. పీఎస్‌ఏ ప్రచారంలోకి వచ్చాక అలాంటివి వేలకు వేలు బయటపడ్డాయి, ఆపరేషన్లు జరిగాయి. ఎంతోమందికి మూత్రం మీద పట్టు పోయింది, దాంపత్య సుఖం పోయింది. 2010లో ఆబ్లిన్ స్వయంగా న్యూయార్క్ టైమ్స్‌లో ఈ పరీక్షను మూకుమ్మడిగా చేయడం ప్రజారోగ్యానికి పెద్ద నష్టమని రాశారు. 2012లో అమెరికా నిపుణుల సంఘం ఏ వయసువారికీ ఇది వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్ల మధ్యవారు డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోవాలని, 70 దాటితే వద్దని చెప్పింది.

మాట మార్చడానికి ఒక కారణం యూరప్ నుంచి ఏళ్ల తరబడి వస్తూ పోయిన లెక్కలు. అక్కడ ఏడు దేశాల్లో లక్షా అరవై వేలమందికి పైగా మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం, పీఎస్‌ఏకి పిలిచిన వర్గంలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు ఐదో వంతు తగ్గాయని 2009లో చెప్పింది. అయితే ఒక్క ప్రాణం నిలపడానికి 1,410 మందిని పరీక్షించి 48 మందికి చికిత్స చేయాల్సి వచ్చింది. 2025లో, 23 ఏళ్లు గమనించాక వచ్చిన లెక్క వేరు. మరణాల తగ్గుదల నూటికి 13, ఒక్క ప్రాణానికి పిలవాల్సినవారు 456 మంది, అదనంగా క్యాన్సర్ బయటపడేవారు 12 మంది. ఈ జబ్బు నెమ్మదైంది కాబట్టి మేలు కనబడటానికీ కాలం పట్టింది. బ్రిటన్‌లో పీఎస్‌ఏతో బయటపడిన 1,643 మందిని మూడు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి రేడియేషన్ ఇచ్చి, మూడో వర్గాన్ని గమనిస్తూ మాత్రమే ఉంచారు. పదిహేనేళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు మూడు వర్గాల్లోనూ దాదాపు సమానం, మొత్తమ్మీద నూటికి ముగ్గురు కూడా లేరు. క్యాన్సర్ ఉందని తేలిన రోజునే కత్తి పట్టాల్సిన పని లేదని ధైర్యంగా చెప్పగలగడం ఈ అధ్యయనం పుణ్యమే.

ఇవన్నీ ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా ఉండే దేశాల లెక్కలు. మన దేశంలో ఈ జబ్బు అక్కడికంటే తక్కువ, దీనికి ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమమూ లేదు. అయినా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో పీఎస్‌ఏ చేరిపోయింది. షుగర్, థైరాయిడ్‌తోపాటు అదీ వచ్చేస్తుంది. దాన్ని చేయించుకుంటున్నట్టే చాలామందికి తెలియదు. ఎనభై రెండేళ్ల తాతగారికి, గుండెకు స్టెంటు ఉండి, మూత్రం ఇబ్బందేమీ లేకపోయినా, 5.1 వచ్చిందని ఇంటిల్లిపాదీ నిద్ర మానుకుంటారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఆయన్ను ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే లేదు.

ఇంకో అన్యాయం ఇంతకంటే పెద్దది. అరవై ఏళ్ల రైతు నడుం నొప్పి అంటూ నెలల తరబడి మాత్రలు మింగుతాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు, ధార సన్నబడింది. వయసు మీద పడింది కదా అని ఇంట్లోవాళ్లూ అనుకుంటారు, ఆయనా సిగ్గుపడి ఎవరితోనూ చెప్పడు. కాళ్లు బలహీనపడి ఆసుపత్రికి వచ్చేసరికి పీఎస్‌ఏ వందల్లో ఉంటుంది, క్యాన్సర్ వెన్నెముకకు పాకి ఉంటుంది. అవసరం లేనిచోట ఏటా జరిగే పరీక్ష, అత్యవసరమైన చోట ఒక్కసారీ జరగదు. మూత్రం సరిగా రానివాడికి, కొత్తగా ఎముకల నొప్పి పట్టుకున్న పెద్దవయసువాడికి, తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చినవాడికి, బీఆర్‌సీఏ2 జన్యులోపం ఉన్న కుటుంబంలోని మగవాడికి పీఎస్‌ఏ తప్పకుండా చేయాలి. వీళ్లలో లక్షణాలున్నవాళ్లకు చేసే పరీక్షను స్క్రీనింగ్ అనరు, రోగనిర్ధారణ అంటారు. పైన చెప్పిన వివాదాలేవీ దానికి వర్తించవు.

లక్షణాలేవీ లేకపోయినా తెలుసుకోవాలనుకునేవారు ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలన్నది మిగిలిన ప్రశ్న. దీనికి స్వీడన్‌లోని మాల్మో నగరం నుంచి మంచి ఆధారం ఉంది. అక్కడ 1981లో అరవై ఏళ్ల వయసున్న 1,167 మంది ఇచ్చిన రక్తాన్ని అతిచల్లగా ఘనీభవింపజేసి దాచారు. వాళ్లకు 85 ఏళ్లు వచ్చేదాకా ఎవరు ఏ జబ్బుతో పోయారో రాసుకుంటూ వచ్చి, తర్వాత ఆ పాత రక్తంలో పీఎస్‌ఏ కొలిచారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారిలో నూటికి 90 మంది, అరవై ఏళ్ల నాడు పీఎస్‌ఏ 2 దాటి ఉన్న పై నాలుగో వంతు నుంచే వచ్చారు. ఆ వయసులో 1 లోపు ఉన్నవారిలో 85 ఏళ్లలోపు ఈ క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం వెయ్యికి రెండు. అరవైలో 0.8 వచ్చిన మనిషి ఏటా ప్యాకేజీలో ఈ పరీక్షకు డబ్బు కట్టనక్కరలేదు. అదే వయసులో 2.6 వచ్చిన మనిషి, కాగితం మీద నార్మల్ అనే ఉన్నా, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ అదే ల్యాబుకి వెళ్లాలి.